ఒక్కసారి ఇటియ్యి, అన్నయ్యా

ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మతో ఫొటో దిగాలన్నది ఆమోసు ఏర్పాటు. ఏంజలినమ్మ పుట్టినరోజు కోరిక ఒక్కటే: కొడుకులిద్దరూ తనకి చెరోపక్కన నిలబడాలి, అదీ పోయిన మొగుడి రీలు కెమెరాతోనే. అన్నదమ్ములు మాటలు మానుకున్నది ఆ కెమెరా మీదే. తండ్రి పోయిన నాడే ఆమోసు దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఎవర్నీ తాకనివ్వలేదు, తనూ వాడలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో గొళ్లేనికి రెండు తాళాలున్న రైల్వే క్వార్టరు ఆయనదొక్కటే.

పొద్దున్నే కొత్త రీలు ఎక్కించాడు. సుభాష్‌పల్లి నుంచి తమ్ముడు సిరిల్ సంచి పట్టుకుని వచ్చాడు. ఆమోసు కుర్చీలు వేసేలోగా, బల్లమీది కెమెరాను ఒక్కసారి చేతిలోకి తీసుకుని పెట్టేశాడు. ఆమోసు అది చూడనే చూశాడు. తీరా ఆయన నొక్కితే బటన్ దిగలేదు.

"ఏటి సేసినావురా దీన్ని?"

"ఏటీ సెయ్యనేదు. ఒక్కసారి ఇటియ్యి, అన్నయ్యా."

"ఇస్తే మిగిలింది కూడా పీకేస్తావు."

సిరిల్ భుజం మీది చెమట తుడుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే తోచింది ఆమోసుకి.

పక్క క్వార్టరు వెంకటరావు వర్క్‌షాపులో ఫిట్టరు. పిలవగానే స్క్రూడ్రైవరుతో వచ్చాడు. ఆమోసు ముందు ఆయన్ని జేబులు ఖాళీ చెయ్యమన్నాడు. "ఒక్క స్క్రూ పోయినా ఎక్కడెతుక్కుంటాను బాబూ?" వెంకటరావు ఖైనీ డబ్బా, సైకిలు తాళంచెవి బల్లమీద పెట్టి, ఒక్క నిమిషం ఆలోచించి, రెండూ తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

"ఒక్కసారి ఇటియ్యి, అన్నయ్యా."

"ముందు నీ సంచి ఇటియ్యి."

భార్య ఆలిస్ వద్దంటున్నా సంచి బోర్లించాడు ఆమోసు. దొంగిలించిన స్ప్రింగేదీ రాలలేదు. కొత్త తోలు బెల్టు పడింది.

"కెమెరా బెల్టు పాడయిపోయుంటాదని నీకోసం తెచ్చినాను," అన్నాడు సిరిల్, చెప్పులు తొడుక్కుంటూ. ఆమోసుకి చాలా సిగ్గేసింది. కానీ సిగ్గుపడినట్టు కనబడటం ఆయనకి అలవాటు లేదు.

ఏంజలినమ్మ కుర్చీలోంచే అంది: "సిరిలూ, ఆగు. ఆమోసూ, అది ఆడికిచ్చీ."

ఇచ్చాడు. సిరిల్ బటన్ చుట్టూ ఉన్న చిన్న రింగును కాస్త తిప్పి నొక్కాడు. టక్కుమంది. "నాన్న ఏసిన తాళం. నాకు సూపించినాడు. ఇంకా ఏసుందా అనే ఇందాక సూసినాను. తిప్పమంటే ఇరిసీమన్నాననుకుంటావని సెప్పనేదు."

"మరి నాకెందుకు సూపించనేదు?" అన్నాడు ఆమోసు.

"నువ్వు రీలు తగలేస్తావనే కదా ఆ తాళం ఏసింది," అంది తల్లి.

ఆలిస్ ఫొటో తీసింది. కడిగించి తెస్తే, అందులో తల్లి నవ్వుతోంది, సిరిల్ నవ్వుతున్నాడు. ఆమోసు చెయ్యి తమ్ముడి భుజం మీదే ఉంది గానీ, చూపు మాత్రం ఆలిస్ వేళ్ల మీద ఉంది.