శుక్రవారం ఐదింటిలోగా మనసు తెలుపవలెను

రెండో సంవత్సరం విద్యార్థులందరూ తమ మనసుకు నచ్చిన మేజర్ సబ్జెక్టు ఏదో శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోగా నిర్ణయించుకొని, ఫారం మూడు ప్రతుల్లో నింపి, ఫోటో అతికించి సమర్పించవలెనని మా కాలేజీ నోటీసు పెట్టింది. ఐదు దాటాక వచ్చిన మనసులు స్వీకరించబడవు.

ఆ మనసులను స్వీకరించే అధికారిని నేనే. మాది లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. మొదటి రెండేళ్ళు అన్నిటినీ కొంచెం కొంచెం రుచి చూసి, ఆపైన ఒకదాన్ని మేజర్‌గా పట్టుకొని డిగ్రీ పుచ్చుకోవాలి. ఏది పట్టుకోవాలో తేలనివారికి సలహా ఇవ్వడానికి పదకొండేళ్ళ క్రితం నన్ను నియమించారు. చదువుకునే రోజుల్లో నాలుగుసార్లు మేజర్ మార్చి, ఐదోసారి మార్చబోతుండగా డిగ్రీ వచ్చేసిన అనుభవం ఉన్నందువల్ల ఈ ఉద్యోగానికి నన్ను మించినవారు దొరకలేదు.

నా దగ్గర ఒక ప్రసంగం ఉంది. ఏటా కొత్త పిల్లలకు పెద్ద హాల్లో వినిపిస్తాను. "లోకం ఏమంటుందో అని చూడకండి. మీ మనసు ఎటు లాగితే అటు నడవండి. వెనక నేనున్నాను!" అంటాను. మూడో నిమిషంలో కళ్ళజోడు తీసి తుడుచుకుంటాను. ఈ ప్రసంగం దెబ్బకు ఎందరో పిల్లలు తత్వశాస్త్రంలో, ప్రాచీన సంగీతంలో, చీమల జీవనవిధానంలో డిగ్రీలు పొందారు. తర్వాత వాళ్ళేమయ్యారో నాకు తెలియదు. వెనక ఉన్నానన్నాను కాని, ఎంత వెనక అన్నది చెప్పలేదు.

నా ప్రసంగం మీదే బతుకుతున్న శాఖ ఒకటుంది. అది ప్రాచీన లిపుల శాఖ. మెట్ల కింద ఒక గది, తలుపు సరిగ్గా పడని బీరువా, నాలుగు భూతద్దాలు, ఒకే ఒక ప్రొఫెసరు. వేల ఏళ్ళనాటి మట్టిపలకల మీద గీతలు చదవడం ఆయన పని. పిల్లలు ఆయన్ని పలకల మాస్టారంటారు. ఏడాదికి ముగ్గురైనా చేరకపోతే శాఖను మూసి ఆ గదిలో జిరాక్సు మిషను పెట్టాలని యాజమాన్యం తీర్మానించింది. ఈ ఏడు సోమవారం నాటికి చేరినవారు ఇద్దరు.

మాస్టారూ నేనూ రోజూ ఒకే బల్ల దగ్గర మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుంటాం.

"ఒక్కరు, గురూగారూ! ఒక్కరు దొరికితే గండం గట్టెక్కుతాం," అన్నారాయన.

"నేనుండగా మీ గది మూతపడుతుందా? ఎవరో ఒకరి పిల్లని పంపిస్తాను," అని మాటిచ్చాను. ఎవరో ఒకరు అన్నప్పుడు నా ఉద్దేశం ఎవరో ఒకరనే.

మా అమ్మాయి కూడా మా కాలేజీలోనే రెండో సంవత్సరం. దాని చదువు విషయం ఇంట్లో పూర్తి ప్రజాస్వామ్యబద్ధంగా తేల్చాను. స్టాటిస్టిక్స్ చదువుతావా, ఎకనామిక్స్ చదువుతావా అని దాన్నే అడిగాను. అది మాట్లాడలేదు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించబడినట్లు వాళ్ళమ్మకు తెలియజేశాను.

బుధవారం ఉదయం పధ్నాలుగో నంబరు టోకెను పిలిస్తే మా అమ్మాయి లోపలికొచ్చింది. "నమస్కారం సార్," అని ఫారం బల్లమీద పెట్టింది. మేజర్ అన్నచోట గుండ్రటి అక్షరాలతో "ప్రాచీన లిపులు" అని ఉంది.

"ఇదేమిటే?" అన్నాను. అధికారి అనవలసిన మాట కాదది.

"మీ ప్రసంగం విన్నాక పనిగట్టుకుని ఆ గదికి వెళ్ళాను నాన్నా. చాలా బావుంది. మీరు కళ్ళజోడు తీసినప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చింది, తెలుసా?"

"అదీ... అది అందరికీ చెప్పేదమ్మా."

"మరి నేను అందరిలో లేనా?"

ఈ ప్రశ్నకు జవాబు మా నియమావళిలో లేదు. కనుక ఫోటో చూశాను. వెనక రంగు తెల్లగా ఉండాలి, కొంచెం నీలంగా ఉందని చెప్పి ఫారం తిప్పి పంపాను. పదకొండేళ్ళలో ఒక్కరి ఫోటో వంకైనా నేను చూసి ఎరగను. గురువారం అది తెల్ల ఫోటోతో వచ్చింది. చెవులు కనిపించడం లేదన్నాను. జుట్టు వెనక్కి దువ్వుకొని మళ్ళీ వచ్చింది. ఈసారి సిరా రంగు పట్టుకున్నాను.

నా శ్రీమతి మందుల షాపులో ఫార్మసిస్టు. మితభాషి. సాయంత్రం చెప్పులు విప్పుతూ, "ఊళ్ళో పిల్లలందరికీ ఇచ్చే మందు మన పిల్లకి మాత్రం పడదా?" అంది.

"నీకు తెలీదు. రేపు దానికి ఉద్యోగం ఎవడిస్తాడు?"

"ఆ మాట మిగతా పిల్లలతో ఎప్పుడైనా అన్నారా?"

నేను పేపరు చదవడంలో నిమగ్నమయ్యాను.

శుక్రవారం మధ్యాహ్నం మాస్టారు డబ్బా మూతైనా తీయలేదు. మొహం వెలిగిపోతోంది. "గురూగారూ, నెలరోజులుగా ఒక అమ్మాయి నా గదికొస్తోంది. ఎవరి పిల్లో అడగలేదు. నిన్న ఏం చేసిందో తెలుసా? ఇరవై ఏళ్ళుగా నేను చదువుతున్న పలకని చేతిలోకి తీసుకుని, 'మాస్టారూ, ఇది తలకిందులుగా పట్టుకున్నారేమో' అంది. తిప్పి చూస్తే నిజమే! ఆ పిల్లని కన్నవాళ్ళు ఎంత అదృష్టవంతులో!"

నాకు పొలమారింది. ఆయన నా వీపు తట్టి మంచినీళ్ళు ఇచ్చారు.

నాలుగున్నరకు గది తలుపు మీద "సమావేశంలో ఉన్నారు" అన్న బోర్డు తగిలించి లోపల గడియపెట్టుకున్నాను. సమావేశానికి నేనొక్కడినే హాజరయ్యాను. ఎజెండా గడియారం. ఐదు దాటితే నిర్ణయం నాది కాదు, నిబంధనలదవుతుంది. రేపు మాస్టారు అడిగితే, పాపం, నేనేం చేయను అని కూడా అనవచ్చు.

పావు తక్కువ ఐదుకు పక్క గదిలో మా అమ్మాయి గొంతు వినిపించింది. అది నా సహాయకురాలి గది. నేను సమావేశంలో ఉంటే ముద్ర వేసేది ఆవిడే. ఆవిడకు తర్ఫీదు ఇచ్చింది నేనే. మధ్య ఉన్నది చెక్క గోడ.

"లోకం ఏమంటుందో అని చూడకమ్మా. నీ మనసు ఎటు లాగితే అటు నడువు. వెనక నేనున్నాను," అంటోంది ఆవిడ. అక్షరం తప్పులేదు. తర్వాత ముద్ర పడిన చప్పుడు, అదీ మూడుసార్లు.

నా ప్రసంగాన్ని శ్రోతగా వినడం అదే మొదటిసారి. కళ్ళజోడు తీయవలసి వచ్చింది. అప్పటిదాకా తెలియలేదు గాని, నన్ను పట్టుకున్నది భయం. వేరేవాళ్ళ పిల్లలు ఇదే ముద్ర వేయించుకొని వెళ్ళినప్పుడు వాళ్ళ ఇళ్ళల్లో ఎవరో ఒకరికి ఇలాగే భయమేసి ఉంటుంది కదా అని కూడా తోచింది. అటువంటి ఆలోచన కార్యాలయ వేళల్లో రావడం తగదని లేచి నిలబడ్డాను.

సోమవారం ఫారంలో తండ్రి వివరాలు చూసి మాస్టారు పరుగున వచ్చి నన్ను కావలించుకున్నారు. "మీ అమ్మాయా! మాటిస్తే కన్నబిడ్డనే పంపించారా!" అని ఏడ్చేశారు. కాదని చెప్పేందుకు రెండుసార్లు నోరు తెరిచాను. ఆయన భుజం అడ్డొచ్చింది.

వార్త ప్రిన్సిపాలుగారి దాకా వెళ్ళింది. తల్లిదండ్రుల సమావేశంలో నన్ను వేదిక ఎక్కించారు. "ఇతరుల పిల్లలకు నీతులు చెప్పేవారు కోకొల్లలు! సొంత కూతురి చేత ఆచరింపజేసిన త్యాగశీలి వీరొక్కరే!" అని ఆయన బిరుదు ప్రకటించారు. మా అమ్మాయి రాలేదు, పలక ఒకటి సగంలో ఉందట. శ్రీమతి మాత్రం మూడో వరుసలో కూర్చొని నన్ను తేరిపార చూసింది. ఆ వైపు చూడకుండా ప్రసంగించాను. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

సభ ముగిశాక తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపి, కంటతడితో అభినందించి, తర్వాత నన్ను కిటికీ పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించారు. స్టాటిస్టిక్స్‌లో సీటు. ఎకనామిక్స్‌లో సీటు. వచ్చే ఏటికి, మా వాడికి తెలియకుండా. అమ్మాయితో మాత్రం అనకండి. నేను అన్నీ శ్రద్ధగా రాసుకున్నాను.

కిటికీ పక్కకు వచ్చిన ఆ వరుసలో మీరూ ఉన్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మీరేనని నాకు బాగా జ్ఞాపకం. మీ పని తప్పక చూస్తాను. అయితే మీ బిడ్డ ఏం చదువుకోవాలనుకుంటోందో మీరు చెప్పలేదు. నేనూ అడగలేదు.