వరిగడ్డికి పట్టిన వైభవం

రామచంద్రపురం చుట్టుపక్కల ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా, మా ఊరి వరిగడ్డిని ఇకమీదట ఎవరూ గడ్డి అని చులకన చేయరాదు. దాన్ని పులియబెట్టి బస్సులు నడిపే గ్యాసు తీసే కంపెనీ మా పొలాల మధ్యనే వెలిసింది. అందులో పెట్టుబడి పెట్టదలచిన పెద్దలు కార్లలో వచ్చి, గడ్డిమేటును దర్శించుకుని, ఫొటోలు దిగి వెళ్తున్నారు. అన్నవరం కొండెక్కి వచ్చినవారు కూడా, ఇక్కడ ఆగితేనే పుణ్యం పూర్తవుతుందంటున్నారు.

మొదటిసారి పెద్దలు వచ్చిన రోజు షామియానా వేశాం. వారి సలహాదారు హరిచందనగారు తెల్లబూట్లతో గట్టుమీద నిలబడి, “ఈ గడ్డి ప్రస్తుతం దేనికి వాడుతున్నారండి?” అని అడిగారు.

“దేనికీ పనికిరాదండి. పూర్తిగా వృథా అండి,” అన్నారు పొలం ఆసామి గున్నేశ్వరరావుగారు చేతులు కట్టుకుని.

ఆయన వెనకాలే సత్యకుమారి గేదె ఆ వృథాను తీరిగ్గా నెమరువేస్తోంది. హరిచందనగారు దానివంక అనుమానంగా చూసి, ‘పోటీదారు’ అని ట్యాబ్‌లో రాసుకున్నారు.

సత్యకుమారి గున్నేశ్వరరావుగారి పొలాన్నే కౌలుకు చేస్తుంది. మా వైపు కౌలు న్యాయం చాలా సులువు. మక్తా ధాన్యం, అంటే కౌలు కింద కొలిచే గింజలు, ఆసామి గుమ్మంలోకి, గడ్డి కౌలుదారు దొడ్లోకి. మక్తా కొలిచాక ఆమెకు మిగిలేది కోళ్ళకు కూడా చాలదు. ఆ గడ్డి తిని గేదె పాలిస్తేనే ఇల్లు నడుస్తుంది. ఇన్నాళ్ళూ ఆ గడ్డి మీద పెద్దలెవరికీ ఆశ పుట్టలేదు. పుట్టించినందుకు కంపెనీని మెచ్చుకోవాలి.

కోతలవగానే గడ్డి కట్టలు కట్టే మిషను నేరుగా పొలంలోకి దిగింది. సత్యకుమారి దానికి అడ్డం నిలబడింది.

“ఇదేంటండీ? గింజ మీది, గడ్డి మాది అని మీ నాన్నగారి కాలం నుంచీ ఉన్న మాట కదండీ!”

“అప్పుడది ఉత్త గడ్డి. ఇప్పుడది సంపద. సంపద నీ దగ్గరుంటే నీకే ప్రమాదం,” అన్నారు గున్నేశ్వరరావుగారు ఎంతో దయగా.

అన్ని పొలాల గడ్డీ అలాగే పోయేసరికి, ఊళ్ళో పశువులు మేత లేక ఒక్కొక్కటే సంతకు తరలాయి. గడ్డిమేటు మాత్రం తాటిచెట్లతో పోటీపడింది. గ్యాసు మిషను తిప్పలేదు. తిప్పితే లాభమో నష్టమో తేలిపోతుంది, తిప్పనంతకాలం అంతా లాభమే కదా! షేరు ధర పెరుగుతూ పోయింది. రామచంద్రపురం బట్టలకొట్లవాళ్ళు, తణుకులో ఉన్న వాళ్ళ బావమరుదులు, ఇది రాస్తున్న నేను, అందరం కొన్నాం.

చివరికి ప్రారంభోత్సవం పెట్టక తప్పలేదు. ఇంజనీరు మురళీకృష్ణగారు మైకులో గంటసేపు భూగోళాన్ని రక్షించి, కిందికి దిగాక మెల్లగా అసలు సంగతి చెప్పారు. పాలకు తోడు వేసినట్టు, గడ్డి పులియడానికి ముందు ట్యాంకులో పచ్చిపేడ పోయాలట. పేడ కోసం ఊరంతా గాలించారు. పశువులుంటే కదా! కాలవగట్టు గరికా, అరటిబోదెలూ కోసుకొచ్చి సత్యకుమారి ఎలాగో నిలబెట్టుకున్న గేదె ఒక్కటే మిగిలింది. ఎముకలు తేలాయి గానీ, గేదే.

వెంటనే శాలువాతో, మేళంతో ఆమె దొడ్డికి వెళ్ళాం. గున్నేశ్వరరావుగారు “సత్యకుమారిగారూ” అన్నారు, బుద్ధెరిగాక మొదటిసారి.

“పేడ వెయ్యాలంటే అది తినాలి కదండీ. నా గడ్డి నాకిచ్చెయ్యండి, పేడంతా ఊరికే పట్టుకుపోండి,” అందామె.

న్యాయమైన కోరికే. అయితే ఒక్క కట్ట లాగినా ఫొటోల్లో మేటు తగ్గినట్టు కనిపిస్తుందనీ, పెద్దలు బెదిరిపోతారనీ హరిచందనగారు ఆందోళన వ్యక్తం చేశారు. కట్ట కదలలేదు. శాలువా మాత్రం కప్పాం. ఆకలి మీదున్న గేదె దాని అంచు నమిలింది.

మర్నాడు సత్యకుమారి గేదెను సంతకు తోలుకుపోతుంటే చూశాను. అది కాలవ దగ్గర ఆగి మొరాయిస్తే, మెడ నిమిరి, ఏదో చెప్పి నడిపించింది. నాకు బాధేసింది. అబద్ధమెందుకు, కాసేపే వేసింది. ‘గడ్డికి స్థానిక పోటీ సంపూర్ణముగా తొలగినది’ అని కంపెనీ ప్రకటించేసరికి షేరు మళ్ళీ ఎగిరింది. పేడ సంగతి ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం ఊళ్ళోని వాటాదారులమంతా జగదాంబ టీకొట్టు దగ్గర చేరి, ఫోన్లలో ధర చూసుకుని మురిసిపోయాం. జగదాంబ మా ముందు నల్లటీ గ్లాసులు పెట్టింది. అంతే, “పాలు లేకుండా టీ ఏంటమ్మా? ఈ ఊళ్ళో అడిగేవాళ్ళే లేరనుకున్నావా?” అని అందరం ఒక్క గొంతుతో అన్యాయాన్ని ఎదిరించాం.