పడవ సీట్లు మార్పించకండి బాబూ!

పడవకి కొత్త సీట్లు వేయించాలనుకునేవాళ్లు మానవజాతికి శత్రువులు!

తొందరపడి పేజీ తిప్పేయకండి. మీకు పడవ లేకపోవచ్చు. లేనంత మాత్రాన గండం గడిచిందనుకోవద్దు. మీకు కుర్చీ ఉంటుంది, సోఫా ఉంటుంది, చుట్టాలుంటారు. నేను చెప్పబోయేది ఈ మూడింటికీ వర్తిస్తుంది.

నాకో చిన్న మోటారు పడవ ఉంది. ఆదివారం పొద్దున సరస్సులో అటూ ఇటూ తిరగడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. ముందు రెండు సీట్లు, వెనక ఇద్దరు పట్టే బెంచీ. ముందు కుడివైపు, స్టీరింగ్ దగ్గరిది నా సీటు. ఎడమవైపుది మా ఆవిడ సీటు. కొన్ననాటి నుంచీ అంతే.

ఎండకి ఎండి వానకి తడిసి ఆ సీట్ల రెక్సిన్ బీటలు వారింది. బీటల్లోంచి స్పాంజి తొంగిచూసింది. నేను టేపు అంటించాను. టేపు ఊడితే దాని మీద ఇంకో టేపు అంటించాను. కొన్నాళ్లకి సీటు కన్నా టేపే ఎక్కువైంది.

లోకం దీన్ని పిసినారితనం అంటుంది. నేను అదృష్టం అంటాను. ఎందుకంటారా?

చిరిగిన సీటున్న పడవని అరువు అడిగేవాడు పుట్టాడా? పక్కవీధిలో పెళ్లి కుదిరిన కుర్రాడొకడు ఫోటోలు దిగడానికి పడవ కావాలని హుషారుగా వచ్చాడు. సీటు చూశాడు. "ఊరికే మీ ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుందామని వచ్చానండీ" అని వెళ్లిపోయాడు. కొత్త సీట్లుంటే ఆ పెళ్లి అయ్యేదాకా పడవ నా కంటపడేదా?

పైగా చిరిగిన సీటు వాతావరణ కేంద్రం! స్పాంజి వాననీళ్లన్నీ తాగి బుద్ధిగా దాచుకుంటుంది. మీరు కూర్చోగానే మొన్న ఎంత వాన పడిందో లెక్క అప్పజెబుతుంది. ఏ యంత్రం ఇంత నమ్మకంగా, ఇంత సూటిగా, ఇంత లోతుగా సమాచారం ఇవ్వగలదు?

బీరువా కూడా అదే. ఆ చిరుగులో నా తాళంచెవులు, టార్చిలైటు, చదివే కళ్లజోడు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ భద్రంగా ఉండేవి. ఒకసారి రేవులో దొంగలు పడి అందరి పడవలూ ఊడ్చేశారు. నా పడవలో లంగరు పోయింది, తాడు పోయింది, చివరికి నీళ్లు తోడే మగ్గు కూడా పోయింది. చిరుగులో ఉన్నవి మాత్రం చెక్కుచెదరలేదు. అందులో చెయ్యి పెట్టడానికి దొంగకి కూడా మనసొప్పలేదు!

ఆరోగ్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. పాత సీటు మీద మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చుంటాడు. కొత్త సీటు మెత్తగా ఉంటుంది కదా అని జారగిలబడితే నడుము పట్టేస్తుంది. అందులోనూ మనిషి కాస్త పొడుగ్గా ఉండి, యాభై దాటి, తెల్లటోపీ పెట్టుకునే అలవాటున్నవాడైతే ప్రమాదం మరీ ఎక్కువ. ఊరికే ఉదాహరణకి చెబుతున్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు, ప్రశాంతత ఒక ఎత్తు.

ఒక ఆదివారం మా ఆవిడ ఎవరింటికో భోజనానికి వెళ్లాలని కొత్త బట్టలు కట్టుకుంది. సరస్సు అవతలి ఒడ్డే కదా, పడవలో దింపేస్తానన్నాను. కూర్చుంది. స్పాంజి తన దగ్గరున్నదంతా దాచుకోకుండా ఇచ్చేసింది. ఆ సాయంత్రం వాళ్లింట్లో ఉన్నంతసేపూ మా ఆవిడ వీపు గోడకి ఆనించి, ఎవరు కూర్చోమన్నా "ఫర్వాలేదండీ, నాకు నిలబడ్డమే అలవాటు" అంటూ గడిపింది. ఇంటికొచ్చాక తీర్పు చెప్పింది.

"కొత్త సీట్లు వేయిస్తేనే మళ్లీ ఆ పడవలో కాలు పెడతాను. అందాకా మీరూ, మీ టేపూ ఊరేగండి."

ఇక చూడండి ప్రశాంతత! అంతకుముందు ఇంజిన్ మోతలో వినబడదని ఆవిడ ప్రతి మాటా నా వైపు ఒరిగి చెవిలో చెప్పేది. "నెమ్మదిగా పోనివ్వండి." "అదుగో కొంగ, చూడండి." "నన్ను కాదు, కొంగని చూడమన్నాను." "కొంగని చూసింది చాలు, ముందుకి చూసి నడపండి." ఇవేవీ ఇప్పుడు లేవు. రెండు వేసవులు సరస్సంతా నేనొక్కణ్ణే, నా ఇష్టమొచ్చినట్టు, ఇష్టమొచ్చిన స్పీడులో తిరిగాను. కొంగ కనబడితే నాలో నేనే "అదుగో కొంగ" అనుకునేవాణ్ణి. ఒంటరిగా చూస్తే అది కొంగలా కూడా ఉండేది కాదు. అప్పుడప్పుడు ఇంజిన్‌తో రెండు మాటలు మాట్లాడేవాణ్ణి గానీ, దానికి నా మీద పెద్ద ఆసక్తి ఉన్నట్టు లేదు.

ఇంత సుఖంలో నిప్పులు పోసింది మా తోడల్లుడి పడవ.

ఆయన మా ఆవిడ అక్కగారి భర్త. ఆయన గురించి గౌరవంగానే రాస్తాను. ఎందుకంటే ఈ కాలమ్‌కి నమ్మకమైన పాఠకులు ఇద్దరే. అచ్చుకి వెళ్లకముందు మా ఆవిడ చదువుతుంది. అచ్చయ్యాక మా తోడల్లుడు మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి, ఫోన్ చేసి తప్పులు చెబుతారు.

ఆయన పడవ కూడా మా రేవులోనే ఉంటుంది. అందులో మీగడ రంగు సీట్లు. వాటి మీద కంపెనీ వాడు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ అలాగే ఉంది. దాని మీద దుప్పటి, దుప్పటి మీద తువ్వాలు. ఎక్కేముందు చెప్పులు విప్పాలి. ఎక్కాక ఏమీ తినకూడదు, తాగకూడదు, ఆనుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పడవలో తడి తగలకూడదు! ఒకసారి వాళ్ల మేనల్లుడు పట్టు తప్పి నీళ్లలో పడితే, పైకి లాగడానికి తాడు కన్నా ముందు తువ్వాలు విసిరారు. "తుడుచుకుని ఎక్కు నాన్నా" అన్నారు. నీళ్లలో ఉన్నవాడు ఎలా తుడుచుకుంటాడన్నది ఆ అబ్బాయికి ఇప్పటికీ బోధపడలేదు.

"అక్కవాళ్ల పడవ చూశారా, ఎలా ఉందో!" అంది మా ఆవిడ.

చూశాను. అంతే, మా పడవకీ కొత్త సీట్లని తేలిపోయింది. అక్కవాళ్లది మీగడ రంగు కాబట్టి మనది మీగడ రంగు కాకూడదు. అలాగని మీగడ రంగుకి తీసిపోనూ కూడదు. దుకాణంలో ఉన్న రెక్సిన్ చుట్టలన్నీ దొర్లించి, చివరికి బిస్కెట్ రంగు తీసుకున్నాం. పక్కపక్కన పెడితే రెండూ ఒకటేనని దుకాణం అతను నా చెవిలో చెప్పాడు. ఆ రహస్యం నేనింతవరకూ బయటపెట్టలేదు.

మరి కుట్టేదెవరు? పడవ సీట్లు కుట్టేవాళ్లు మా ఊళ్లో లేరు. "కుట్టడం వచ్చినవాడికి ఏదైనా ఒకటే" అని మా ఆవిడ మా టైలర్‌ని పిలిపించింది. ఆయన మా ఇంటిల్లిపాదికీ బట్టలు కుడతాడు. సోఫా కవర్లు కుట్టాడు. ఒకసారి మా ఫ్రిజ్‌కి కుచ్చులు పెట్టి గౌను లాంటిది కూడా కుట్టాడు. మెడలో టేపు సవరించుకుంటూ పడవ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి చెయ్యి చాపాడు.

"ఆది ఇవ్వండి."

"సీటుకి ఆదేమిటయ్యా? అదేమైనా చొక్కానా?"

"ఆది లేకుండా నేను చేతిరుమాలు కూడా కుట్టనండి."

చేసేదేముంది? పాత సీట్లు ఊడదీసి, నీళ్లు కారుతుండగా, వీధంతా తడుపుకుంటూ ఆది మోసుకెళ్లి ఇచ్చాం. టైలర్ స్పాంజిలోంచి నా కళ్లజోడు తీసిచ్చి, "జేబు ఉందన్నమాట, కొత్తదానికీ పెడతాను" అన్నాడు.

మీరు నవ్వకండి. కొత్త సీటుకి నిజంగానే జేబు ఉంది. లోపల కుట్లలో నాలుగు వేళ్ల బట్ట అదనంగా కూడా వదిలాడు. ముందుముందు సీటు లావెక్కితే వదులు చేసుకోవచ్చట!

ట్రయల్‌కి రమ్మని కబురొచ్చింది. వెళ్లాం. వేలాడుతున్న ప్యాంట్ల కింద, కత్తిరింపు ముక్కల మధ్య, షాపు గచ్చు మీద బిస్కెట్ రంగు సీట్లు రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. వాటి మీద కూర్చున్నాం. నేను అలవాటుగా లేని స్టీరింగ్ పట్టుకున్నాను. ప్యాంటు జిప్పు మార్పించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి మాకు దారివ్వాలన్నట్టు పక్కకి జరిగాడు.

కూర్చోగానే నాకు తెలిసిపోయింది. అది నా పాత గొయ్యి! ఇన్నేళ్లు కూర్చుని కూర్చుని నేను చేసిన గొయ్యిని కొత్త స్పాంజిలో కత్తితో చెక్కి, అదే లోతు, అదే వెడల్పు దించేశాడు. ఆది ఎలా ఉంటే సీటు అలా ఉంది. ఒక్క నలుసు తేడా లేదు.

మా ఆవిడ మాత్రం కూర్చున్నది కూర్చున్నట్టే కుడివైపు జారి నా భుజం మీద వాలింది.

"ఇదేంటి, సీటు వంకరగా ఉంది!"

"ఆ వంకర నాది కాదమ్మా, మీదే" అన్నాడు టైలర్ కాస్త నొచ్చుకుని. "మీ ఆదిలోనే కుడివైపు లొట్ట ఉంది. కావాలంటే ఇప్పుడే సరిచేస్తాను."

మా ఆవిడ ఆ సీటు వంక చూసింది. నా వంక చూసింది. ఇన్నేళ్లుగా నా చెవిలో మాట చెప్పడానికి ఒరిగి ఒరిగి తనే చేసిన వాలు అది. ఫక్కున నవ్వింది.

"వద్దులెండి. అలాగే ఉంచండి" అంది.

ఆ ఆదివారం మళ్లీ ఇద్దరం సరస్సు మీదికి వెళ్లాం. ఇంజిన్ స్టార్ట్ చేశాను. ఆవిడ జారి వచ్చి నా చెవిలో "నెమ్మదిగా పోనివ్వండి" అంది. ఎంత నెమ్మదిగా పోనిచ్చానంటే ఒక బాతు మమ్మల్ని దాటుకుని పోయింది. నాకు చెప్పలేనంత ఆనందం వేసింది. పాఠకుల దగ్గర దాపరికమెందుకు?

ఆ ఆనందం ఆ ఒక్క ఆదివారమే.

మరుసటి వారం వదినగారు, మా తోడల్లుడు కొత్త సీట్లు చూడ్డానికి వచ్చారు. "తమ్ముడూ, ఒక్కసారి కూర్చుని చూస్తాను" అంటూ ఆయన నా సీట్లో కూర్చున్నారు. నా గొయ్యి ఆయనకి అతికినట్టు సరిపోయింది. కళ్లు మూసుకున్నారు. కాసేపటికి బరువుగా నిట్టూర్చారు.

"ఇన్నేళ్లయింది, నా పడవలో నేను ఏనాడూ కూర్చోలేదయ్యా. ప్లాస్టిక్ మీద ఆని ఉన్నానంతే."

నాకు జాలేసింది. ఆ జాలే నా కొంప ముంచింది! అప్పట్నుంచి ఆదివారం వస్తే చాలు, నేను రేవు చేరేసరికే ఆయన తెల్లటోపీ నా సీట్లో సిద్ధంగా ఉంటుంది. అక్కాచెల్లెళ్లు కబుర్లు చెప్పుకోవడానికి వెనక బెంచీ ఎక్కుతారు. ఇక మిగిలింది ఏ సీటు? మా ఆవిడ సీటు! కూర్చునేదెవరు? నేను!

ఇప్పుడు అర్థమైందా నా బాధ? ఆయన పడవ తిప్పిన ప్రతిసారీ నేను జరజరా జారిపోయి మా తోడల్లుడి భుజం మీద వాలుతున్నాను. సర్దుకుని కూర్చుంటే మళ్లీ జారతాను. ఆయన నా వీపు తట్టి "భయపడకు తమ్ముడూ, నేనున్నాగా" అంటారు. మొన్న రేవులో టికెట్లిచ్చే అతను మమ్మల్ని చూసి "మీ అన్యోన్యం చూస్తుంటే ముచ్చటేస్తుందండీ" అన్నాడు. కొంగలు కూడా ఆగి చూస్తున్నాయి.

కాబట్టి అన్నగారూ! ఈ వారం కూడా మీరు ఇక్కడిదాకా చదివారని తెలుసు. మీ సీట్ల మీది తువ్వాలు తీయండి. దుప్పటి తీయండి. ఆ ప్లాస్టిక్ కూడా చింపి, హాయిగా చతికిలబడి మీ గొయ్యి మీరు చేసుకోండి. వదినగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. నాలుగు చుక్కలు తడి తగిలితే పడవకేమీ కాదు, అది పుట్టిందే నీళ్ల కోసం.

మిగతా పాఠకులు పైన నేను రాసిన నీతులన్నీ మర్చిపోండి. సీటు చిరిగితే రేపే మార్పించుకోండి. కుట్టేవాడికి ఆది ఇవ్వడం మాత్రం మానకండి.

ఇంతవరకు రాసి, వాళ్ల బావగారిని ఇన్ని మాటలన్నందుకు ఏమంటుందోనని బెరుకు బెరుకుగా మా ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ పెదవి మీద వేలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"అంతా బానే ఉంది గానీ, ఆ నడుంనొప్పి ముక్క బొత్తిగా చాల్లేదండీ. బావ నమ్మడు. చివర్లో ఇంకోసారి గట్టిగా రాయండి" అంది.

అందుకని మళ్లీ చెబుతున్నాను. కొత్త సీట్లు నడుముకి మహా ప్రమాదం!