బెరిల్‌కి మంత్రిగారు ప్రసాదించిన స్వేచ్ఛ

"ఈ రాష్ట్రంలో ఏ చేపపిల్లా, ఏ బడిపిల్లా వెనకబడిపోవడానికి వీల్లేదు" అని మంత్రి గ్రేమ్ పోల్‌గ్లేస్ గారు వర్రాబంగ్ చేపపిల్లల కేంద్రం గేటు ముందు నిలబడి ప్రకటించారు. తలమీద హెల్మెట్, ఒంటిమీద మెరిసే పసుపు జాకెట్. తొట్లలోంచి ఇటుకలు ఎగిరొచ్చి పడతాయని కాదు. న్యూ సౌత్ వేల్స్‌లో ఆ రెండూ లేకుండా మంత్రి ఏం చెప్పినా టీవీవాళ్లు దాన్ని అభివృద్ధి కింద జమకట్టరు.

ఆ మాట విని నోలీన్ ట్రాస్క్ మనసు కాస్త కుదుటపడింది. బడిపిల్లల్ని ఈ కేంద్రమంతా తిప్పి చూపించే పని ఆవిడది. కిందటేడు కరెంటు పొదుపు చెయ్యమని పైనుంచి ఆర్డరొస్తే రెండు తొట్ల పంపులు ఆపేశారు. కరెంటు మిగిలింది, తల్లిచేపలు పోయాయి. ఇక ఉన్నది బెరిల్ ఒక్కతే. ఎనిమిదేళ్ల పిల్లంత పొడుగు, కాడ్ అనే నదిచేప. ఈ వసంతంలో అది గుడ్లు పెడితేనే నదిలో వదలడానికి పిల్లలు, పిల్లలుంటేనే కేంద్రం, కేంద్రం ఉంటేనే బడి బస్సులు. నోలీన్ ఆశలన్నీ ఆ చేప కడుపులోనే ఉన్నాయి.

మంత్రిగారి వెనకాల నిలబెట్టడానికి మూడో తరగతి పిల్లల్ని పిలిపించారు. ఎలాగూ వచ్చారు కదా అని నోలీన్ వాళ్లని తొట్ల దగ్గరికి తీసుకెళ్లింది. ప్రతి తొట్టి దగ్గరా పిల్లల చేత మూడు ప్రశ్నలు అడిగించడం ఆవిడ పద్ధతి. దీని పేరేంటి? ఏం తింటుంది? గుడ్లు ఎప్పుడు పెడుతుంది? ఈ మూడూ తెలిస్తే ఏ ప్రాణి గురించైనా సగం తెలిసినట్టేనని ఆవిడ నమ్మకం. టెస్ అనే పిల్ల బెరిల్ అద్దానికి ముక్కు ఆనించి మూడూ అడిగింది. బెరిల్, యాబీ రొయ్యలు, నీళ్లు వెచ్చబడగానే అని నోలీన్ మూడిటికీ జవాబు చెప్పింది.

ఇంతలో మంత్రిగారి సలహాదారు క్వింటన్ పరిగెత్తుకొచ్చాడు. మంత్రిగారు నదిలో ఒంపాల్సిన బక్కెట్ అతని చేతిలో ఉంది.

"నోలీన్ గారూ, ఈ చేపలు కెమెరాలో కనబడట్లేదండీ. ఆయన ఉత్త నీళ్లు పారబోస్తున్నట్టుంది."

"బెత్తెడు పిల్లలు బాబూ. పెరగాలి."

"ఉప ఎన్నిక శనివారమండీ."

"వాటికా సంగతి తెలీదు."

ఈలోపు మంత్రిగారే లోపలికొచ్చి బెరిల్ ముందు ఆగిపోయారు. "ఇదెవరు?"

"తల్లిచేప అండీ. మాకున్నది ఇదొక్కటే."

"ఎన్నాళ్లుగా ఉంది లోపల?"

"నదిలోంచి తెచ్చి ఇరవై ఏళ్లు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "ఇరవై ఏళ్లా? ఖూనీ చేసినవాణ్ణి కూడా ఇంతకంటే ముందే వదిలేస్తాం కదమ్మా. క్వింటన్, కెమెరా ఆన్‌లో ఉందా?"

నోలీన్ తొట్టికి అడ్డంగా నిలబడింది. "దీన్ని వదిలేస్తే రేపు నదిలో వేయడానికి చేపలుండవండీ."

"నదిలో వేయడానికి చేపే కదా కావాలి?" అన్నారు మంత్రిగారు ఓపిగ్గా. "ఇదిగో, ఉంది కదా."

ఇంతటి తర్కానికి ఎదురు చెప్పగలిగిన ఉద్యోగి ఆ శాఖలో ఇంకా పుట్టలేదు. నలుగురు కలిసి బెరిల్‌ని తడిగుడ్డలో మోసుకెళ్లారు. మంత్రిగారు తోకమీద చెయ్యివేసి స్వేచ్ఛ ప్రసాదించారు. పత్రికల్లో ఆయన చిరునవ్వు మొత్తం వచ్చింది, చేపది తోక మాత్రం వచ్చింది. తర్వాత ఆయన పిల్లలతో పాటు వరసలో నిలబడి, వేయించిన ఉల్లిపాయలతో మూడు సాసేజ్ బ్రెడ్లు తిన్నారు. ఎంత సామాన్యుడు, అనుకున్నారు చూసినవాళ్లు.

సాయంత్రం నోలీన్ వల తీసుకుని ఒడ్డుకి వెళ్లింది. బెరిల్ ఎంతో దూరం పోలేదు. మునిగిన చెట్టుమాను పక్కన మేత కోసం నోరు తెరుచుకుని నిలబడి ఉంది. పెట్టేవాళ్లు రాలేదేమని చూస్తున్నట్టుంది. ఆవిడ వల నీళ్లలోకి దించింది.

"వల తియ్యి నోలీన్" అన్నాడు వెనకనుంచి చేపల ఇన్‌స్పెక్టర్ కెవ్. "గుడ్లు పెట్టే కాలం ఇది. నవంబరు దాటేదాకా కాడ్ చేపని ముట్టుకుంటే కేసు."

"ఇది మన బెరిల్ కెవ్. పొద్దున నువ్వే కదా మోశావు."

"పొద్దున అది ప్రభుత్వ ఆస్తి. ఇప్పుడు నది చేప."

"డిసెంబర్లో పట్టుకోనా?"

"పట్టుకో. కానీ ఇంత పెద్దది పడితే వెంటనే వదిలెయ్యాలి. ఆ రూలు పోల్‌గ్లేస్ గారే తెచ్చారు. పెద్ద చేపలంటే ఆయనకి ప్రాణం."

నోలీన్ వల పైకి లాగి ఒడ్డున కూర్చుంది. కెవ్ కూడా ఆవిడ పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ చూస్తుండగానే బెరిల్ ఒకసారి తోక ఆడించి లోతుల్లోకి వెళ్లిపోయింది.

శనివారం పార్టీ గెలిచింది. సోమవారం మంత్రిగారు నది మొత్తాన్ని పైకప్పు లేని చేపపిల్లల కేంద్రంగా ప్రకటించారు. పంపులక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, పనివాళ్లు అసలే అక్కర్లేదు. ఏరు దాటినవాడు తెప్ప తగలేస్తాడంటారు గానీ, ఈయన తెప్ప పనిని కూడా ఏటికే అప్పగించారు. కాకపోతే బడిపిల్లలకిచ్చిన మాట మాటే. అందుకని నోలీన్ ఉద్యోగం ఉంచారు, బస్సులు ఉంచారు. బెరిల్ తొట్టి నీళ్లలో మంత్రిగారి నిలువెత్తు ఫోటో నిలబెట్టారు. దాని చుట్టూ బుడగలు బాగుంటాయని క్వింటన్ అంటే, ఆ ఒక్క పంపూ రాత్రింబవళ్లూ తిరుగుతోంది.

మళ్లీ బస్సొచ్చింది. టెస్ తిన్నగా ఆ తొట్టి దగ్గరికే వచ్చి అద్దానికి ముక్కు ఆనించింది.

"దీని పేరేంటి మిస్?"

"గ్రేమ్" అంది నోలీన్.

"ఏం తింటుందో నాకు తెలుసు. సాసేజ్‌లు. నేను చూశాను." టెస్ కాసేపు ఆలోచించింది. "గుడ్లు ఎప్పుడు పెడుతుంది?"

ఇన్నేళ్లలో పిల్లలడిగిన ప్రశ్నకి నోలీన్ జవాబు చెప్పకుండా పంపింది లేదు. తొట్టిలో వేలాడే థర్మామీటర్ వైపు చూసింది. నీళ్లు సరిగ్గా వెచ్చబడ్డాయి.

"చూడాలి తల్లీ."

టెస్ అక్కడే నిలబడింది. మిగతా పిల్లలూ వచ్చి అద్దం చుట్టూ మూగారు. బస్సు బయల్దేరాలని టీచర్ రెండుసార్లు పిలిచింది.

"ఇంకొంచెంసేపు మిస్" అన్నారు పిల్లలు. "పెడుతుందేమో."