కృపావతి పచ్చిక

మంచు ఇంకా కొండ దిగలేదు. ఆ పొద్దున కృపావతి పెట్టుకున్న పని చాలా చిన్నది. తన పచ్చికలోంచి మొదటి మోపు కోసి చూడి ఆవు ముందు పడేయాలి. వచ్చే నెల అది ఈనాలి.

పశువుల డాక్టరు మాట విని రాగులు పండే చోడి చేలో సగం వదులుకుని గినీగడ్డి వేసింది, వరసల మధ్య పప్పుజాతి మేత స్టైలో చల్లింది. "స్టైలో గింజ రాలేదాకా పశువును దించొద్దు" అన్నాడాయన. అందాకా ఆవును రాటకు కట్టేసి ఎండుగడ్డితో నెట్టుకొచ్చింది. ఇప్పుడు దాని పక్కటెముకలు వీధిలోంచే కనిపిస్తున్నాయి.

కొడవలి అందుకోబోతుంటే డాక్టరు ఫోను.

"పెద్దాఫీసరు గారొస్తున్నారు, కోయకండమ్మా! పచ్చికలో మంచి ఆవును నిలబెట్టండి, ఫొటోకి. మీది వద్దు, చూస్తే జాలేస్తుంది."

కృపావతి పక్కింటి సోములమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"ఒదినా, నీ ఆవునోపాలి ఇయ్యి. ఆఫీసరు ఫొటో తీత్తాడట."

"ఉత్తినే తీత్తాడేటి?" అంది సోములమ్మ అనుమానంగా.

ఆమె అనుమానం ఆమెది. కిందటేడు గుడిసెలకు ఫొటోలు తీసినప్పుడు ఫొటోలో పడినవాళ్లకే ఇళ్లొచ్చాయి. అందుకే ఆఫీసరు ఫొటో సంగతి కుళాయి దగ్గర ఒక్కరికే చెప్పింది.

కృపావతి పచ్చిక కంచె తడిక తీసేసరికి సోములమ్మ ఆవు వెనక ఊరి మంద మొత్తం నిలబడి ఉంది.

"ఓలమ్మో, ఆపండర్రా! నా పచ్చిక!"

"ఏటొదినా," అన్నాడు ఊళ్లో రైతు గాసి తన ఎడ్లను లోపలికి తోస్తూ, "సోడి కోతలైపోనాయి. కోతలయ్యాక పశువుకి అడ్డేటి? గడ్డి కూడా పంటేనేటి?"

కోతలయ్యాక ఎవరి చేలోనైనా ఊరి పశువులు మేయొచ్చన్నది తాతలనాటి కట్టుబాటు. కృపావతి పక్కకు తప్పుకుంది.

ఆఫీసరు వచ్చేసరికి గడ్డి మోళ్లే మిగిలాయి. నెమరేస్తున్న మందను చూసి ఆయన మురిసిపోయాడు.

"ఇంత చిన్న మడిలో ఇన్ని పశువులా! అద్భుతం. ఊరుమ్మడి పచ్చిక అని రాసుకోండి. ఆ కంచె తీయించేయండి."

"బాబూ, అది నా..."

"మాట్లాడకండమ్మా, ఫొటో" అంటూ డాక్టరు ఆమె మెడలో బంతిపూల దండ వేశాడు.

కృపావతి ఇంటికొచ్చి రాట పక్కన చతికిలబడింది. ఆవు మెడ చాచి ఆ దండను లాక్కుని, దారంతో సహా నమిలేసింది.

ఆ పచ్చిక పుణ్యమా అని దానికి దక్కిన పచ్చిమేత అదొక్కటే.