పక్కింట్లో తాళంచెవి

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. సరే, ఇవ్వకపోయినా చెబుతాను. పొద్దున్నే నడకకని బయల్దేరి ఈ బెంచీ మీద చతికిలబడ్డాక మనకి వేరే పనేముంది కనుక! ఇది మా ఆవిడ ఉన్న రోజుల సంగతి.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. ముప్పై ఒక్క ఏళ్ళు ఇనప్పెట్టెల కంపెనీలో మెకానిక్కుని. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళూ, తిప్పాల్సిన అంకెలు మరిచిపోయినవాళ్ళూ కబురు పెడితే సంచీ పుచ్చుకుని వెళ్ళి తెరిచి వచ్చేవాణ్ణి. ఒక పెద్దమనిషి అయితే, అంకెలు మరిచిపోతానేమోనని ఒక చీటీ మీద రాసి, ఆ చీటీ భద్రంగా ఉండాలని ఆ పెట్టెలోనే పెట్టి మూసేశాడు. అలాంటి మహానుభావుల దయవల్లే మా ఇల్లు గడిచింది.

ఆ పనిలో నాకొక సిద్ధాంతం ఏర్పడింది. తాళాన్ని చేసేది ఇనుముతోనే అయినా, వేసేది మనిషి. ఆ మనిషి అలవాట్లు తెలిస్తే తాళం సగం తెరుచుకున్నట్టే. ఈ మాట బయట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇంట్లో మాత్రం రోజుకొకసారి చెప్పేవాణ్ణి.

"అలాగా! అయితే మీ కళ్ళజోడు ఎక్కడుందో మీ అలవాట్లని అడిగి తెచ్చుకోండి. నన్నడక్కండి," అనేది మా ఆవిడ.

మా ఇంటి తలుపుకి తాళం నేనే స్వయంగా బిగించాను. తలుపు దగ్గరికి వేస్తే చాలు, దానంతటదే పడిపోతుంది. "ఈ తాళాన్ని నేను కూడా తెరవలేను" అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఒక గురువారం సాయంత్రం ఆ గొప్ప నిజమైంది.

చెత్తబుట్ట బయట పెడదామని గుమ్మం దాటాను. వెనకాల గాలికి తలుపు పడింది. తాళంచెవి లోపల, పనిముట్ల సంచీ లోపల, చెత్తబుట్టా నేనూ బయట. మా ఆవిడ కుట్టుపని నేర్పే క్లాసుకి వెళ్ళింది, గంటదాకా రాదు.

ఆ గంటసేపూ మెట్ల మీద కూర్చుంటే పోయేది. కానీ పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి తొంగి చూశారు.

"తాళంచెవి మరిచిపోయారా బాబూ?"

"లేదండీ. కాస్త గాలి పీల్చుకుందామని."

"చెత్తబుట్ట పక్కనా!"

అంత మాట పడ్డాక ఇక అక్కడ కూర్చోలేం కదా. ఇంటి వెనక్కి వెళ్ళి స్నానాలగది కిటికీలో దూరాను. తల వెళ్ళింది. భుజాలు వెళ్ళాయి. పొట్ట ఒప్పుకోలేదు. చేతులు లోపల కుళాయి పట్టుకుని, కాళ్ళు బయట గాల్లో తేలుతూ, త్రిశంకు స్వర్గంలో ఉండిపోయాను.

ఎంతసేపటికో వెనకనుంచి మా ఆవిడ గొంతు వినబడింది.

"ఏమండీ, ఇవి మీ కాళ్ళేనా?"

"నావి కాక ఇంకెవరివి! లాగు!"

"ఏమో, దొంగవేమోనని. మన తాళం ఎవడూ తీయలేడన్నారుగా, పాపం వాడు కిటికీలోంచి వచ్చాడేమో అనుకున్నా."

"లాగవే తల్లీ!"

"ఒక్క నిమిషం. కదలకండి."

సంచీ కింద పెడుతోందనుకున్నాను. టిక్కుమని చప్పుడైంది. ముందు ఫొటో, తర్వాత సాయం. అదీ మా ఆవిడ వరస.

ఆవిడకి నెట్‌లో కుట్టుపని నేర్పే పేజీ ఒకటి ఉండేది. పేరు సూదీ దారం. ఎనిమిదివందల మంది చేరారు. మర్నాడు పొద్దున్న ఆ పేజీలో నా కాళ్ళు వెలిశాయి. కింద ఆవిడ రాసిన మాట: "చిరిగినదాన్ని కుట్టడమే కాదు, ఇరుక్కున్నదాన్ని లాగడం కూడా తెలిసుండాలి."

మామూలు రోజుల్లో అయితే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ సోమవారం తొమ్మిదింటికి, కంపెనీలో కొత్తగా చేరిన పన్నెండుమందికి నేను మొదటి పాఠం చెప్పాలి. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నన్ను బల్లకి అవతలివైపు నిలబెడుతున్నారు. పైగా మా మేనేజరు భార్య ఆ సూదీ దారంలో శిష్యురాలు.

"ఆ ఫొటో తీసెయ్యి," అన్నాను.

"తీసేస్తాను. డూప్లికేట్ తాళంచెవి ఒకటి చేసి పిన్నిగారికి ఇచ్చి రండి."

ఇది మా ఇంట్లో పాత తగువు. "తాళంచెవి పక్కింట్లో పెట్టుకునేవాడికి తాళమెందుకు? తలుపు బార్లా తీసి పెట్టుకోవచ్చుగా!" అన్నాను.

"తీసి పెడితే దొంగలొస్తారు. మూసి పెడితే మీరే రాలేకపోతున్నారు. ఆవిడ నలభై ఏళ్ళు నర్సుగా చేసి, ఆసుపత్రి మందుల బీరువా తాళాలు కాపాడారు. ఆవిడ మీద మీకు నమ్మకం లేదా?"

"మనిషి సంగతి కాదు. సిద్ధాంతం సంగతి."

"అయితే ఈసారి ఆ సిద్ధాంతాన్నే పిలవండి. వచ్చి కాళ్ళు పట్టుకు లాగుతుంది."

ఆ మాటతో నాకు పట్టుదల వచ్చేసింది. శనివారం ఆవిడ క్లాసుకెళ్ళే మూడు గంటల్లో, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లోంచి ఆవిడ ఖాతా తెరిచి ఫొటో తీసిపారెయ్యాలి. వందల ఇనప్పెట్టెలు తెరిచినవాడికి ఒక పాస్‌వర్డ్ లెక్కా!

సాయానికి మా బావమరిదిని పిలిచాను. వాణ్ణి చుట్టాలంతా 'అదెంత' అంటారు. ఏ పని చెప్పినా వాడి నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. రెండో మాట వచ్చేసరికి వాడు అక్కడ ఉండడు.

"అదెంత పని బావా!" అని కుర్చీ లాక్కున్నాడు. "అక్కయ్య అలవాట్లు నీకు తెలియనివా!"

"పెళ్ళిరోజు పెట్టి ఉంటుంది," అని తేదీ కొట్టాను. తప్పు అంది.

బావమరిది తెర వంకా నా వంకా చూశాడు. "బావా, అది నా పెళ్ళిరోజు."

వాడే సరైన తేదీ చెప్పాడు. అదీ తప్పే. ఆవిడ కుట్టుమిషన్ పేరు కొట్టాం. తప్పు. నాలుగోసారి నా పేరు కొట్టాను. ఎంతైనా మొగుణ్ణి కదా, చిన్న ఆశ. అదీ తప్పంది. ఐదోసారి నా పేరు పక్కన నేను పుట్టిన సంవత్సరం కూడా చేర్చాను.

"వద్దు బావా, చూడలేకపోతున్నాను," అన్నాడు వాడు.

ఇక అక్కడినుంచి కంప్యూటర్‌కి మా మీద అనుమానం మొదలైంది. మేము మనుషులమేనని నిరూపించుకోమంది. పాతికేళ్ళుగా మా ఆవిడ అడుగుతున్నదీ అదే. మెట్లున్న బొమ్మలన్నీ గుర్తు పట్టమంటే, నిచ్చెనని మెట్ల కింద లెక్కెయ్యాలా వద్దా అని మా ఇద్దరికీ పది నిమిషాలు వాదన. ఎలాగో మనుషులమని తేలాక, కింద ఒక వరస కనబడింది: "పాస్‌వర్డ్ మరిచిపోయారా?"

"మరిచిపోవాలంటే ముందు తెలిసుండాలి కదరా," అంటూనే ఉన్నాను, వాడు నొక్కేశాడు.

"అయిపోయింది బావా! కోడ్ పంపుతోంది. ఆ కోడ్ కొడితే లోపలికి వెళ్ళిపోవడమే!"

"ఎక్కడికి పంపుతోంది?"

వాడు తెర మీదికి వంగి చదివి నెమ్మదిగా వెనక్కి వాలాడు.

"అక్కయ్య ఫోనుకి."

ఇద్దరం తెర వంకే చూస్తూ కూర్చున్నాం. ఒక నిమిషం తర్వాత దాని మీద కొత్త మాటలు వచ్చాయి. ఈ ప్రయత్నం తనది కాదని ఖాతాదారు చెప్పారనీ, భద్రత కోసం ఖాతాని అన్ని చోట్లా మూసేశామనీ, ఇకమీదట పాత పాస్‌వర్డ్ కూడా పనిచేయదనీ వాటి సారాంశం.

"బావా, మా ఇంట్లో కుళాయి కారుతోంది," అని అదెంత చెప్పులేసుకున్నాడు.

సాయంత్రం మా ఆవిడ తాపీగా వచ్చి, తాపీగా కాళ్ళు కడుక్కుని కూర్చుంది.

"ఏమండీ, మధ్యాహ్నం ఎవడో దొంగ నా ఖాతాలో దూరబోయాడు."

"అవునా! ఎక్కడివాడట?"

"మన ముందుగదిలోవాడే. మన కంప్యూటర్ పేరే రాసి పంపారు."

ఇక దాచి లాభం లేదు. "నేనని తెలిసీ 'ఇది నేను కాదు' అని ఎందుకు నొక్కావు?"

"అది నేను కాదుగా! నన్ను అబద్ధమాడమంటారా?" అంది. తర్వాత నిట్టూర్చి, "అసలు ఈ సాయంత్రం వచ్చి ఆ ఫొటో తీసేద్దామనే అనుకున్నాను. పాపం, ఎల్లుండి పాఠముందిగా అని. ఇప్పుడు నేనూ లోపలికి వెళ్ళలేను."

"అంటే?"

"అంటే మీ కాళ్ళు అలా వేలాడుతూనే ఉంటాయి. ఊరందరూ చూడొచ్చు. తీసేవాళ్ళే లేరు."

నా చేత్తో నేనే నా కాళ్ళని అక్కడ పెట్టి తాళం వేసుకున్నానన్నమాట.

"ఏ దారీ లేదా?"

"ఒకటుంది. ఖాతా తెరిచిన రోజున, నమ్మకమైన మనిషి పేరొకటి చెప్పమన్నారు. ఇలా తాళం పడిపోతే వాళ్ళ ఫోనుకి కోడ్ పంపుతారట."

"ఎవరి పేరు చెప్పావు?" నా గొంతులో మళ్ళీ ఆ చిన్న ఆశ.

"పక్కింటి పిన్నిగారిది."

"నా పేరు చెప్పలేదా!"

"మీ ఫోను ఎక్కడుందో మీకే తెలియదు. రోజుకి మూడుసార్లు నేను రింగిస్తే గానీ దొరకదు. మీ దగ్గర దాచుకోమంటారా నా తాళంచెవి?"

ఆదివారం పొద్దున్న పిన్నిగారి గుమ్మంలో నిలబడ్డాను. "మూసినవాళ్ళే వెళ్ళి తెరిపించుకోవాలి," అని మా ఆవిడ నన్నొక్కణ్ణే పంపింది. ఇంట్లోంచి ఆవిడ కోడ్ పంపమని నొక్కింది. పిన్నిగారి ఫోను మోగింది. ఆవిడ కళ్ళజోడు తుడిచి, పెట్టుకుని, చదువుకుని, తలాడించారు.

"వచ్చింది బాబూ. ఆరంకెలు. పది నిమిషాల వరకే పనిచేస్తుందట. డూప్లికేట్ తాళంచెవి చెయ్యడానికి మీకెంతసేపు పడుతుంది?"

"పావుగంట... దానికీ దీనికీ సంబంధమేమిటండీ?"

"అయితే ఈ కోడ్ పనికిరాదులెండి. ముందు తాళంచెవి చేసుకు రండి. అప్పుడు ఇంకోటి తెప్పించుకుందాం. మీ ఆవిడ అలాగే చెప్పింది."

"ఎప్పుడు చెప్పింది?"

"ఖాతా తెరిచిన రోజునే. నాలుగేళ్ళయింది. ఎప్పటికైనా వస్తారంది."

నాలుగేళ్ళుగా నా అలవాట్లు చదువుతున్న మనిషి ముందు నా సిద్ధాంతం ఎక్కడ నిలుస్తుంది! ఇంటికొచ్చి ఆకురాయి తీసుకున్నాను. అంతగా ఓడిపోతూ అంత శ్రద్ధగా చేసిన తాళంచెవి నా జీవితంలో ఇంకోటి లేదు. పిన్నిగారు దాన్ని అలా ఊరికే పుచ్చుకోలేదు. స్వయంగా వచ్చి మా తలుపు మూసి తెరిచి చూసి, మందుసీసాకి కట్టినట్టు చిన్న చీటీ కట్టి, దాని మీద 'అత్యవసరం' అని రాసి, తన గోడకి తగిలించుకున్నారు. అప్పుడు ఆరంకెలూ రెండుసార్లు చదివి వినిపించారు.

ఖాతా తెరుచుకుంది. మా ఆవిడ కొత్త పాస్‌వర్డ్ పెట్టి, లేచి, కుర్చీ నాకిచ్చింది. "ఇదిగో, మీ చేతులతో మీరే తీసెయ్యండి," అని తన కుట్టుపని దగ్గరికి వెళ్ళిపోయింది.

తీసేసే ముందు కింద జనం ఏమన్నారో చూద్దామనిపించింది. వెక్కిరింతలుంటాయనుకున్నాను. ఒకామె మొగుడు బాల్కనీలో రెండు గంటలు చిక్కుకున్నాడట. ఇంకొకామె మామగారు కారులో తాళంచెవి వదిలి, కారు చుట్టూ ప్రదక్షిణలు చేశాడట. ఇరుక్కున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాదని తెలిశాక కుర్చీలో కాస్త వెనక్కి జారగిలబడ్డాను.

ఒకామె అడిగింది: "గంట ఆగితే మీరు వచ్చేసేవారుగా, ఆయనకి ఎందుకంత తొందర?"

దాని కింద మా ఆవిడ జవాబు: "తలుపు తెరుచుకోకపోతే ఎవరైనా ఆగుతారు. ఈయన ఇంటికి రావాలనుకుంటే ఎలాగోలా వచ్చేస్తారు. ఆ పట్టుదల చూసే పెళ్ళి చేసుకున్నాను. పొట్ట తర్వాత వచ్చింది."

అన్నిటికన్నా కింద మేనేజరు భార్య రాసింది. "మా ఆయనకి చూపించాను. సోమవారం పాఠం ఈ ఫొటోతోనే మొదలుపెట్టిస్తారట." ఎప్పుడు రాసిందని చూశాను. శనివారం సాయంత్రం. అదెంతా నేనూ కలిసి ఖాతాకి తాళం వేయించిన గంట తర్వాత.

"ఏమండీ, తీసేశారా?" లోపల్నుంచి అడిగింది మా ఆవిడ.

"నెట్ నెమ్మదిగా ఉందే."

"అలాగా," అంది. కుట్టుమిషన్ ఆగిపోయింది. నవ్వుతూ కుడితే కుట్టు వంకర పోతుందని ఆవిడ ఎప్పుడూ మిషన్ ఆపేసి నవ్వేది.

సోమవారం పన్నెండుమంది ముందు నా కాళ్ళ ఫొటో నేనే చూపించాను. వాళ్ళు నవ్వడం అయిపోయేదాకా ఆగి, మొదటి పాఠం చెప్పాను: "ఇంటివాణ్ణే లోపలికి రానివ్వనిదాన్ని తాళం అనరు, గోడ అంటారు." ఆ మాట మా ఆవిడది, నాదేనని చెప్పుకున్నాను. మా ఆవిడకి ఇంటికొచ్చి నిజం చెప్పాననుకోండి.

ఇదంతా జరిగి తొమ్మిదేళ్ళు. ఆవిడ వెళ్ళి మూడేళ్ళు. పిన్నిగారు ఇప్పటికి పదకొండుసార్లు మా తలుపు తెరిచిపెట్టారు. ఒక్కసారి కూడా ఏమిటి బాబూ అని అడగలేదు.

పోయినవారం ఫోను మార్చాను. ఆవిడ ఖాతాతో అందులో తెరిచి ఉంచుకున్న సూదీ దారం మళ్ళీ మూసుకుపోయింది. పాస్‌వర్డ్ ఆవిడకి తప్ప ఎవరికి తెలుసు! నమ్మకమైన మనిషికి కోడ్ పంపమంటారా అని అడిగింది. పంపమని, వెళ్ళి పక్కింటి గుమ్మంలో నిలబడ్డాను. నన్ను చూడగానే పిన్నిగారు గోడకున్న తాళంచెవి తీశారు.

"అది కాదండీ," అన్నాను. "రెండోది."

ఆవిడ కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, ఆరంకెలూ రెండుసార్లు చదివారు. రెండోసారి కాస్త నెమ్మదిగా.

పేజీ తెరుచుకుంది. అన్నిటికన్నా పైన నా కాళ్ళే. ఎన్ని కొత్తవి పెట్టినా అది కిందికి జారకుండా ఆవిడ ఎప్పుడో దాన్ని అక్కడ నిలిపి పెట్టింది. ఇదిగో, నా ఫోనులో ఉంది, చూడండి.

నవ్వండి, ఫరవాలేదు. ఆవిడ పెట్టిందే అందుకు.