కంబళమ్మ కాచిన కారపు బీరు

ఒక పెద్ద అడవిలో ఎవరికి ఏది రుచించవలెనో నిర్ణయించడానికి ఒక రుచి పరిషత్తు ఉండేది. ఆ పరిషత్తు ముద్ర పడని పానీయాన్ని జాతరలో చుక్క కూడా పోయరాదు.

పరిషత్తుకు అధ్యక్షులు ఏనుగు కుంభయ్యగారు. వారు కన్నులు మూసుకొంటే ఆలోచిస్తున్నారని సభ్యులు చెప్పుకొనేవారు. గురక వినిపించినా ఆ మాట మార్చుకొనేవారు కారు. పాండిత్యానికి నెమలి పింఛాలశాస్త్రిగారు, నియమనిష్ఠలకు కొంగ బకానందస్వామి ఉండేవారు. కార్యదర్శి నక్క జంబులింగం. జాతరలో ఏళ్ల తరబడి ముద్ర పడుతున్న పానీయం ఈతకల్లు ఒక్కటే. ఆ కల్లుదుకాణం జంబులింగం బావమరిదిది.

ఆ అడవిలోనే కంబళమ్మ అనే ఎలుగుబంటి మొలకెత్తిన రాగులతో బీరు కాచేది. ఒకనాడు వనభోజనానికి వచ్చిన పట్నవాసులు వాగు ఒడ్డున వదలి వెళ్లిన గాజుగ్లాసును ఆమె నాకి చూచింది. అందులో తీపి అన్నది లేదు. టమాటా అనే రామములగపండ్ల రసం, మిరియాల ఘాటు, నిమ్మ పులుపు, అంచున ఉప్పు!

"ఓసి! మత్తుపానీయాన్ని చారులాగ కూడా చేసుకోవచ్చునన్నమాట!" అనుకొని, ఆ రుచులన్నిటినీ తన బీరులోనికి తెచ్చింది. ఆకుదొప్ప అంచున ఉప్పు అద్ది, పైన ఒక వామాకు నిలబెట్టింది.

ఆమె పండించిన రాగులన్నీ ఆ కుండలలోనే ఉన్నాయి. జాతర దాటితే బీరు చెడిపోతుంది. అప్పుడు చలికాలానికి గుహలో గింజ ఉండదు. అందుచేత ఒక కుండను పరిషత్తు ముందుంచింది.

కుంభయ్యగారు ఒక దొప్పను తొండంతో పీల్చారు. వారి చెవులు రెండూ విసనకర్రలలాగ వాటంతట అవే ఆడినాయి.

"ఇది బీరా, చారా?" అన్నారు వారు, తేరుకొని.

"రెండూనండి, అయ్యగారూ."

"మొదట పులుపు, నడుమ కారం, చివర ఉప్పు. శాస్త్రంలో ఇట్టి వరుస లేదు," అన్నారు పింఛాలశాస్త్రిగారు. "మరొక దొప్ప పుచ్చుకొంటే గాని లేదని గట్టిగా చెప్పలేను."

"నేను ముట్టను. వాసన మాత్రమే చూస్తాను," అంటూ బకానందస్వామి తన ముక్కును కుండ అడుగుదాకా దించారు.

జంబులింగం అధ్యక్షుల చెవి దగ్గర చేరాడు. "అయ్యా, ముద్ర వేస్తే కుండలు జాతరకు పోతాయి. మనమూ అందరితోపాటు వరుసలో నిలబడవలసివస్తుంది. తిరస్కరిస్తే ఆమె పునర్విచారణ కోరుతుంది. కోరిన ప్రతిసారీ నిండుకుండ మన ముందుకే రావాలి కదా!"

కుంభయ్యగారు కన్నులు మూసుకొన్నారు. ఈసారి నిజంగానే ఆలోచించారు.

"తిరస్కరించడమైనది!"

తిరస్కరించిన పానీయాన్ని తెలియక ఎవరైనా తాగుతారేమోనని, కారణాలతో సహా దండోరా వేయించడం ఆ అడవిలో ఆచారం. వడ్రంగిపిట్ట చెట్టుచెట్టునూ టకటక కొడుతూ అరిచింది.

"వినండహో! కంబళమ్మ బీరు తాగితే నాలుక చురుక్కుమంటుంది! చెవులు వాటంతట అవే ఆడతాయి! అధ్యక్షులవారికి ఆడినాయి! కాబట్టి ఎవ్వరూ తాగరాదహో!"

పొదలో రెండు కుందేళ్లు ముఖాలు చూచుకొన్నాయి.

"చెవులు ఆడతాయటే!"

"ఆ ఏనుగుచెవులదేముంది? మన చెవులు ఆడితే చూడాలి గాని!"

కంబళమ్మ పునర్విచారణ కోరింది. కుండ ఖాళీ అయింది. కారం ఎక్కువైనదని తీర్పు వచ్చింది. మళ్లీ కోరింది. ఇంకొక కుండ ఖాళీ అయింది. కారం చాలలేదని తీర్పు వచ్చింది. తీర్పు వచ్చినప్పుడల్లా వడ్రంగిపిట్ట అడవంతా తిరిగింది.

"శాస్త్రిగారూ, మీకు దండం పెడతాను. కారం ఎక్కువా, తక్కువా? ఏదో ఒకటి చెప్పండి బాబూ," అన్నది కంబళమ్మ కన్నీళ్లతో.

"అది తేలాలంటే ఇంకొక కుండ కావాలమ్మా," అన్నారు శాస్త్రిగారు, మూతి తుడుచుకొంటూ.

ఆ మూతి తుడుపు చూచేసరికి కంబళమ్మకు సంగతి అర్థమైంది. ఆమె కన్నీళ్లు ఆగిపోయాయి.

"తమ తీర్పు శిరసావహిస్తున్నాను. ఇక పునర్విచారణ కోరను," అన్నది.

కుంభయ్యగారు ఉలిక్కిపడ్డారు. "అదేమిటమ్మా! అంత తొందరపడితే ఎలాగ? న్యాయం మీద నమ్మకం ఉంచాలి. ఒక్క కుండ తెచ్చి చూడు."

"వద్దులెండి, అయ్యగారూ. తిరస్కరించిన పానీయాన్ని పొలిమేర దాటించి పారబోయాలన్నది తమరు పెట్టిన నియమమే కదా! జాతరనాడు పారబోస్తాను."

జంబులింగం పట్టలేని సంతోషంతో లేచాడు. "భేష్! ఇది కూడా దండోరా వేయించండి. అందరూ వచ్చి చూచి బుద్ధి తెచ్చుకొంటారు!"

అందరూ వచ్చారు. జాతరనాడు అడవి అడవంతా పొలిమేర అవతలే ఉన్నది. వచ్చిన ప్రతి ప్రాణి చేతిలోనూ ఒక దొప్ప ఉన్నది.

"పారబోస్తున్నాను, తప్పుకోండి నాయనలారా," అని కంబళమ్మ కుండ వంచింది.

ఒక్కరూ తప్పుకోలేదు. దొప్పలు నిండాయి. కుందేళ్ల చెవులు గాలిపటాల తోకలలాగ ఎగిరాయి. ఊరికే తాగడానికి మనసొప్పక తలా ఇన్ని గింజలు తెచ్చి ఆమె గోనెలో పోశారు. చీకటి పడకముందే గోనె మూతి కట్టుకోవలసివచ్చింది.

ఇంతలో పరిషత్తు కూడా వచ్చింది.

"పారబోయడం నియమానుసారం జరుగుతున్నదో లేదో చూడవచ్చాము," అన్నారు కుంభయ్యగారు, దొప్పను చెవి చాటున దాచుకొంటూ.

"చూద్దురుగాని, వరుసలో రండి, అయ్యగారూ," అన్నది కంబళమ్మ.

"నేను ముట్టను," అన్నారు బకానందస్వామి.

"మరి ఆ దొప్ప ఎందుకు స్వామీ?"

"వాసన ఒలికిపోకుండా."

అక్కడ కల్లుదుకాణంలో ఈగలు తప్ప ఎవరూ లేరు. బావమరిది కోసం అడవంతా వెదకి వెదకి, జంబులింగం చివరకు పొలిమేర చేరాడు. వరుసలో అందరికన్నా ముందు నిలబడి, చెవులు ఆడిస్తూ, రెండవ దొప్ప చాపుతున్నవాడు ఆ బావమరిదే.

"నువ్వు కూడానా!" అని అరిచాడు జంబులింగం.

"ఏం చెయ్యను బావా? నువ్వు వేయించిన దండోరా విన్నవాడెవడు ఆగగలడు?"

నీతి: సరుకు మంచిదైతే ముద్ర కోసం తిరగనక్కరలేదు, పెద్దలచేత నలుగురికీ వినబడేటట్లు తిట్టించుకొంటే చాలును.